ఫిడేలు పక్కనా, మధ్యలోనా?

పాతికేళ్లు కచేరీల్లో వాయించి, భుజం నొప్పితో మానేసిన మావయ్య ఒకరు. ఆయన దగ్గరే నేర్చుకుని, "ఇక పక్కవాద్యానికి రాను, సోలో అయితేనే పిలవండి" అని ఒక గాయని కబురును తిప్పి పంపిన మేనల్లుడు ఇంకొకడు. ఇద్దరి మధ్యా ఫిడేలు పెట్టె. నా మొగ్గు మావయ్య వైపేనని ముందే చెప్పేస్తున్నాను.

మావయ్య: కాదన్నావటగా?

మేనల్లుడు: అన్నాను. కచేరీ ఆహ్వానం కార్డు చూశావా? పాడేవాళ్ల పేరు అరచేతి వెడల్పున వేశారు. నా పేరు అడుగున, చీమల బారులా ఉంది.

మావయ్య: అక్షరాల లావు చూసి వాయిస్తారట్రా ఫిడేలు?

మేనల్లుడు: వయొలిన్.

మావయ్య: ఏం, ఫిడేలంటే నామోషీనా? ద్వారం వెంకటస్వామినాయుడు గారిని జనం ఫిడేలు నాయుడు గారనే అన్నారు. ఆయనకి లేని చిన్నతనం నీకెక్కణ్ణించి వచ్చింది?

మేనల్లుడు: ఆయన పేరు నువ్వే తెచ్చావు. 1938లో వేలూరులో సోలో కచేరీ చేసిందెవరు? పక్కన కూర్చునే వాద్యాన్ని వేదిక మధ్యకి తెచ్చింది ఆయనే. అదే నేనడిగితే తప్పయిందా?

మావయ్య: 1938 అన్నావు, బాగుంది. ఆయన పుట్టింది 1893లో. అంటే నలభై అయిదు దరిదాపుల్లో ఉన్నారు. నీకింకా పాతికే. విజయనగరం సంగీత కళాశాలకి విద్యార్థిగా చేరదామని వెళ్తే, అప్పటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు వాయింపు విని ఏకంగా పాఠం చెప్పే ఉద్యోగమే ఇచ్చారని చెప్పుకుంటాం. అంతటి చెయ్యి ఉండి కూడా ఆయన పాడేవాళ్ల పక్కన కూర్చున్నారు. పక్కన కూర్చోవడమంటే ఏమిటనుకుంటున్నావు? ఏం పాడతారో నీకు ముందు చెప్పరు. ఆవిడ రెండు స్వరాలు అనేలోపు రాగం పోల్చుకోవాలి. ఆలాపనలో ఆవిడ వెనకే వెంట్రుకవాసి దూరంలో నడవాలి. ముందుకి పడ్డావా, దారి చెడగొట్టావు. మరీ వెనకబడ్డావా, పాట సాగదీశావు. ఆవిడ ఊపిరి తీసుకునే చోట చిన్న ఖాళీ పడుతుంది చూడు, అదీ నీది. అక్కడ ఎంత వాయించాలో, ఎక్కడ ఊరుకోవాలో ఇంట్లో సాధన చేస్తే రాదు. అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాల్లో ఆవిడ విసిరిన తాళం లెక్క ఒక్కసారి విని అప్పజెప్పాలి. సోలోలో వేలు పక్కన పడితే జారించి, స్వరాన్ని ఊపే గమకం అనిపించేస్తావు. ఇక్కడ సరైన స్వరం నీ పక్కనే వినిపిస్తూ ఉంటుంది. వేలి బండారం వెంటనే బయటపడుతుంది.

మేనల్లుడు: అంతా నిజమే. ఆ ఖాళీ ఎంతుంటుందో కూడా చెప్పు. ఆవిడ పావుగంట ఆలాపన చేస్తే నాకు అయిదు నిమిషాలు. అందులోనే ఆవిడ మంచినీళ్లు తాగుతుంది, సభలో సగం మంది కాఫీకి లేస్తారు. మృదంగానికి ఒంటరిగా వాయించుకునే తని ఉంది, నాకేదీ? కాస్త ఒళ్లు మరిచి వాయిస్తే 'ఎక్కువ చేశాడు' అంటారు, మళ్లీ పిలవరు. ఫిడేలు వాయించేది ఆడవాళ్లయితే మా పక్కన వద్దన్న విద్వాంసులూ ఉండేవారని నువ్వే చెప్పావు. అది కూడా పాఠమేనా?

మావయ్య: ఫిడేలన్నావు.

మేనల్లుడు: మాట దాటెయ్యకు.

మావయ్య: పాఠం కాదురా, సిగ్గుచేటు. అయినా అవసరాల కన్యాకుమారి గారిని చూడు. మన విజయనగరం ఆవిడే. గాయని ఎం.ఎల్. వసంతకుమారి గారి పక్కన ఏళ్ల తరబడి వాయించారు. 2016లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు.

మేనల్లుడు: నాయుడు గారికి 1941లో ఇచ్చారు, ఆవిడకి 2016లో. సరే, పక్కన కూర్చుని పక్కనే మిగిలిపోయినవాళ్ల పేర్లు చెప్పు. ఎవరెవరి పక్కన వాయించావో గంటసేపు చెప్తావు గానీ, నీ కచేరీ అని ఒక్కటి చెప్పగలవా?

(ఇక్కడ మావయ్యకి గట్టి జవాబు రాద్దామని చూశాను. దొరకలేదు. ఆయన ఎడమచేతి వేళ్ల కొసలకేసి చూసుకున్నాడు. తీగ కోసిన గీతలు ఇంకా నల్లగానే ఉన్నాయి.)

మావయ్య: చెప్పలేను. లేదు కనక. కానీ ఒకటి విను. తీగకి మాట రాదు. కృతి వాయిస్తే వినేవాడికి సాహిత్యం అందాలి. తీగ మీద లాగే కమానుని ఏ అక్షరానికి తిప్పాలో, ఏ మాటని ఒకే కమానులో లాగాలో పాడే నోటి పక్కన కూర్చుంటేనే పట్టుబడుతుంది. నాలా పాతికేళ్లు వద్దు. ఈవిడ పక్కన రెండేళ్లు కూర్చో.

మేనల్లుడు: పేరు అదే లావున వేస్తే.

మావయ్య: నువ్వే అడుగు. నేనెప్పుడూ అడగలేదు, అడగాల్సింది. ఫోన్ చేసినప్పుడు ఆవిడ శ్రుతి ఎంతో కూడా కనుక్కో. నువ్వు ఇన్నాళ్లూ నా శ్రుతికే వాయించావు. ఆవిడది నా కంటే పైన, అయిదున్నరైతే తీగ బిగువు మారుతుంది, కమాను బరువూ మారాలి. ఆ పెట్టె ఇలా తియ్యి.