ఇథియోపియా బైబిల్ గురించి ఆ ఫార్వర్డ్‌లో ఉన్నదెంత, లేనిదెంత

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఇది తిరగడం నాలుగోసారి. విషయం ఏంటంటే, ఇథియోపియా బైబిలే లోకంలో మొట్టమొదటిదట, కింగ్ జేమ్స్ బైబిల్ కన్నా 800 ఏళ్లు పాతదట, అందులో 88 పుస్తకాలుంటే రోమ్ వాళ్లు 22 తీసేసి మనకి 66 మిగిల్చారట, అక్కడి జనం ఇప్పటికీ ఆ అసలు భాషలోనే చదువుకుంటున్నారట.

ముందు ఆ 800 సంగతి. కింగ్ జేమ్స్ 1611 నాటి ఇంగ్లిష్ అనువాదం, దానికన్నా పాతవి బోలెడున్నాయి. ఇథియోపియాలో గరీమా మఠంలో ఉన్న తోలు ప్రతులు కార్బన్ పరీక్షల ప్రకారం 4 నుంచి 7వ శతాబ్దం మధ్యవి, అంటే తేడా 800 కాదు, ఇంకా ఎక్కువే, ఈ లెక్కలో ఫార్వర్డ్ రాసినాయన ఇథియోపియాకే అన్యాయం చేశాడు! కానీ వాటిలో ఉన్నది నాలుగు సువార్తలు మాత్రమే, మొత్తం బైబిల్ కాదు. సినాయ్, వాటికన్ గ్రీకు ప్రతులు 4వ శతాబ్దానివే.

"అసలు" అన్న మాట కూడా కుదరదు. అప్పటి ఇథియోపియా రాజ్యమైన అక్సుమ్‌కి రాజు ఎజానా 4వ శతాబ్దంలో క్రైస్తవుడయ్యాక, ఆ తర్వాతి కాలంలో బైబిల్‌ని గ్రీకు నుంచి అక్కడి పాత భాష గీజ్‌లోకి అనువదించుకున్నారు. మన బైబిళ్లలో లేని హనోకు గ్రంథం పూర్తిగా మిగిలింది గీజ్‌లోనే, ఆ గొప్పతనం వాళ్లదే, కాదనను. అయితే దాని అరమేయిక్ ముక్కలు మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో దొరికాయి, గీజ్ ప్రతి కూడా అనువాదమే.

ఇక రోమ్ దాచేసిందన్నది మరీ విడ్డూరం. ఇథియోపియా సంఘం 1950ల దాకా ఉన్నది ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సంఘం కింద, రోమ్ కింద కాదు. వాళ్లు చెప్పుకునే లెక్క 81, 88 కాదు. 66 ప్రొటెస్టెంట్ల లెక్క, రోమన్ కాథలిక్కులకి 73 ఉన్నాయి. అంతెందుకు, 1611 కింగ్ జేమ్స్ మొదటి ముద్రణలోనే అపోక్రిఫాతో (ప్రొటెస్టెంట్లు బైబిల్లో లెక్కపెట్టని పుస్తకాలతో) కలిపి 80 పుస్తకాలున్నాయి. హనోకు గ్రంథం ఇంగ్లిష్‌లో 1821లోనే అచ్చయింది, మరి దాచింది ఎక్కడ?

నాకు అసలు ఒళ్లు మండింది చివరి మాటకి. గీజ్ ఇప్పుడు ఎవరి ఇంట్లోనూ మాట్లాడే భాష కాదు, మన గుళ్లలో సంస్కృతంలా ఆరాధనలో వినపడుతుంది, అర్థమయ్యేది కొద్దిమందికే. ఆ దేశంలో 80కి పైగా భాషలున్నాయి. వాటిలో ఒకటైన అమ్హారిక్‌లోకి బైబిల్‌ని అబూ రూమీ అనే ఇథియోపియా సన్యాసి కైరోలో కూర్చుని దాదాపు పదేళ్లు అనువదించాడు, 1819లో ప్లేగుతో పోయాడు, పూర్తి పుస్తకం వచ్చేసరికి 1840 అయింది.

మరి ఎక్కువమంది మాట్లాడే ఓరోమో సంగతి? చిన్నప్పుడే ఎత్తుకుపోయి బానిసగా అమ్మేసిన హిక అనే పిల్లాడు ఎర్ర సముద్రం ఒడ్డున మసావా రేవులో విడుదలై, స్వీడిష్ మిషన్‌లో చదువుకుని, బాప్తిస్మంలో ఒనేసిము అనే పేరు తీసుకున్నాడు. బైబిల్లో ఫిలేమోనుకి రాసిన పత్రికలోని బానిస పేరే అది. అనువాదానికి కూర్చుంటే సొంత భాషలో మాటలు చాలట్లేదు, మరి పసితనంలోనే ఊరు వదిలినవాడు! అప్పుడు ఆస్తెర్ గన్నో అనే అమ్మాయి, ఆమె కూడా బానిసత్వం నుంచి బయటపడిందే, వేల మాటలు పోగుచేసి ఇచ్చింది, పాటలూ సామెతలూ కూడా రాసిపెట్టింది. కొత్త నిబంధన 1893లో వచ్చింది, మొత్తం బైబిల్ 1899లో స్విట్జర్లాండ్‌లో అచ్చయింది. తర్వాత 1944లో చక్రవర్తి హైలె సెలాసీ ప్రభుత్వం మిషన్ స్కూళ్లలో బోధన అమ్హారిక్‌లో సాగాలని ఉత్తర్వు ఇచ్చింది, అంటే పుస్తకం చేతిలో ఉన్నా ఆ భాషకి బడిలో చోటు లేదు. "అక్కడి జనం అసలు భాషలో చదువుకుంటున్నారు" అన్నాయనకి ఇదంతా తెలిసుండదు.

అన్నట్టు, మెసేజ్ కింద "పది మందికి పంపితే దీవెన" అని కూడా ఉంది. నేను పంపట్లేదు బాబాయ్.