విలన్‌కి ఒక మంచి గుణం

(రాజమండ్రిలో ఒక ఇల్లు. మార్చి నెల, శనివారం రాత్రి ఎనిమిదింపావు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు కొందరు కలిసి శని, ఆదివారాలు జూమ్‌లో కథారచన పండగ పెట్టారు. ఫీజు న్యూజెర్సీలో ఉన్న కూతురు కట్టింది. లింకు నొక్కిపెట్టే పని మాత్రం, ఎప్పటిలాగే, ఇక్కడున్న కోడలిది.)

అత్తగారు: సౌజన్యా! అవతల వాళ్ళు నమస్కారాలు కూడా పెట్టేసుకుంటున్నారు. నువ్వింకా ఆ ల్యాప్‌టాప్ వదలవా?

కోడలు: వచ్చా అత్తయ్యా. ఫోన్ దేనికి ఆనించారు?

అత్తగారు: ఆవకాయ జాడీకి.

కోడలు: అందుకే వాళ్ళకి మీరు కనపడట్లేదు. మన సీలింగ్ ఫ్యాన్ కనపడుతోంది, దుమ్ముతో సహా.

అత్తగారు: ఆ దుమ్ము ఎవరు దులపాలో వాళ్ళకేం తెలుస్తుందిలే.

కోడలు: (వినపడనట్టు) పేరు దగ్గర ‘శ్రీను పాత ఫోన్’ అని పడుతోంది. మార్చనా?

అత్తగారు: మార్చు. ‘వరలక్ష్మి, రచయిత్రి’ అని పెట్టు.

కోడలు: ఒక్క కథైనా అచ్చవలేదు కదా!

అత్తగారు: నీ కింద ఒక్క మనిషి లేకపోయినా నువ్వు ‘టీమ్ లీడ్’ అని పెట్టుకోలేదూ?

(పేరు మారింది. రెండు గంటలు గడిచాయి. ఆ రెండు గంటల్లో ‘మీరు మ్యూట్‌లో ఉన్నారు’ అన్న మాట ఎన్నిసార్లు వినపడిందో చెబితే ఈ స్కెచ్ అక్కడికే సరిపోతుంది.)

కోడలు: ఏం నేర్పారు?

అత్తగారు: ముందు చాట్‌లో కొట్టుకున్నారు. తొలి తెలుగు కథ 1910లో గురజాడ రాసిన ‘దిద్దుబాటు’ అని ఒకాయన. కాదు, 1902లోనే భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ రాసిందని ఒకావిడ. నేను ఆవిడకి చప్పట్ల బొమ్మ పెట్టాను.

కోడలు: మరి కథ రాయడం?

అత్తగారు: అది చివరి పావుగంట. పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’కి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిందట. రేపు మీకూ రావచ్చు అన్నారు.

కోడలు: ఆయన ఏ వర్క్‌షాప్‌కి వెళ్ళారట?

అత్తగారు: ఇలాంటి ప్రశ్నలడిగే వాళ్ళు ఇంట్లో లేకపోతే వర్క్‌షాప్ అక్కర్లేదులే. అదలా ఉంచు. రేపటికి హోంవర్క్ ఇచ్చారు. కథలో విలన్ ఒట్టి చెడ్డగా ఉండకూడదట. ఒక మంచి గుణమైనా ఉంటేనే పాఠకుడు నమ్ముతాడట. నాకు అక్కడే ఆగిపోయింది. కాస్త ఆలోచించి చెప్పు.

కోడలు: విలన్ ఎవరు?

అత్తగారు: సుకన్య అని ఒక కోడలు.

కోడలు: ఏదీ, ఇలా ఇవ్వండి. (పుస్తకం లాక్కుని చదువుతూ) ‘సుకన్య ల్యాప్‌టాప్ ముందే కూర్చుని అన్నం తినేది. ఎదురుగా పెద్దవాళ్ళున్నారన్న ధ్యాస లేదు. ఆమె చేసిన పప్పుచారులో ఇంగువ ఉండేది కాదు, చారు కూడా ఉండేది కాదు.’ అత్తయ్యా!

అత్తగారు: బాగుంది కదూ? రెండో వాక్యం దగ్గర చెయ్యి తిరిగింది.

కోడలు: ఇది నేనే.

అత్తగారు: ఎలా అవుతుంది? నువ్వు సౌజన్యవి, ఇది సుకన్య. నీకు కళ్ళజోడు ఉంది, దానికి లేదు. కథని కథలా చూడాలి.

కోడలు: మరి మంచి గుణం?

అత్తగారు: ఇందాకట్నుంచీ వెతుకుతున్నా, దొరికితేగా! అందుకే నిన్నే అడుగుతున్నా. దాని గురించి నీకంటే బాగా ఎవరికి తెలుసు?

కోడలు: రోజూ మీ బీపీ మాత్ర ఎవరిస్తున్నారు?

అత్తగారు: అది రాస్తే కథలో బీపీ ఎవరివల్ల వచ్చిందో కూడా రాయాలి. నిడివి పెరుగుతుంది.

(కోడలు లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కీబోర్డు చప్పుడు చాలాసేపు వినపడింది. ఆఫీసు పని అనుకున్నారు అత్తగారు.)

(ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర.)

అత్తగారు: ఇదేమిటే! నిన్న ఈ వేళకి మొదలైంది. ఇవాళ సగం అయిపోయింది!

కోడలు: అక్కడ ఇవాళ్టి నుంచి గడియారం గంట ముందుకి జరిపారు అత్తయ్యా. మార్చి రెండో ఆదివారం జరుపుతారు, నవంబరులో వెనక్కి తెస్తారు. వాళ్ళకి అదే పొద్దున్న పది. మనకి మాత్రం నిన్న ఎనిమిదిన్నర, ఇవాళ ఏడున్నర.

అత్తగారు: ఈ సంగతి నీకు ముందే తెలుసు.

కోడలు: మా క్లయింట్లు అక్కడివాళ్ళే కదా.

అత్తగారు: తెలిసీ చెప్పలేదు. ఆగు, ఇదీ రాసుకుంటా. సుకన్య కాలాన్ని కూడా దాచేసేది.

కోడలు: మీరు అడగలేదు. త్వరగా రండి, గదులు పంచుతున్నారు.

అత్తగారు: నీకెలా తెలుసు?

కోడలు: నేనూ చేరా. మీ అమ్మాయి ఇద్దరికి కట్టింది. పొట్టి కథల సెషన్‌కి నేనూ రాశాను, వంద మాటల్లో.

(జూమ్‌లో ముగ్గురేసి మనుషుల్ని చిన్న చిన్న గదుల్లో వేస్తారు. ఎవరు ఎవరితో పడాలో యంత్రమే తేలుస్తుంది. ఏ జ్యోతిష్కుడూ ఇంత ఖచ్చితంగా చెప్పి ఉండడు: హాల్లో అత్తగారు, బెడ్‌రూములో కోడలు, డల్లాస్ నుంచి ఒక పెద్దమనిషి, ముగ్గురూ ఒకే గదిలో పడ్డారు. వెంటనే ఇల్లంతా కూత. పక్కపక్కన రెండు ఫోన్లలో ఒకే మీటింగ్ పెడితే ఒకదాని గొంతు ఇంకోదాని మైకులో దూరి కీచుమంటుంది. పెద్దమనిషి చెవులు మూసుకున్నాడు. ఇద్దరూ మ్యూట్ నొక్కి, తలుపులోంచే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.)

అత్తగారు: నీ కథ తెర మీద పెట్టాడు, చదువుతున్నా. ‘ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసేది. పాల గిన్నె చూసేది. ఏమీ అనేది కాదు. ఆ ఏమీ అనకపోవడం సాయంత్రం దాకా వినపడేది.’ ఎవరీవిడ?

కోడలు: కనకమహాలక్ష్మి. మీరు వరలక్ష్మి. కథని కథలా చూడాలి.

అత్తగారు: నేను పాల గిన్నె చూసేది విరిగాయేమోనని!

కోడలు: అది కథలో లేదు. నిడివి పెరుగుతుంది.

అత్తగారు: ఊఁ. ముందు రెండు మంచి మాటలు చెప్పి, ఆ తర్వాతే తప్పులు చెప్పాలన్నారు. నీ కథలో అక్షరదోషాలు లేవు. తొందరగా అయిపోయింది. రెండూ చెప్పేశాను.

కోడలు: మీ చేతిరాత గుండ్రంగా ఉంది. పేజీకి మార్జిన్ వదిలారు.

అత్తగారు: ఇక తప్పులు. నీ కనకమహాలక్ష్మికి మంచి గుణమేదీ?

కోడలు: మీ సుకన్యకి వచ్చిందా?

అత్తగారు: వచ్చింది. చివరి పేరా చూడు. నీకు తొందరెక్కువ, అక్కడిదాకా చదవలేదు.

కోడలు: (కాసేపటికి) ‘సుకన్య ఎదురు సమాధానం మొహం మీదే చెప్పేది, వెనకాల చెప్పేది కాదు.’ ఇది మంచి గుణమా, తిట్టా?

అత్తగారు: రెండూ. అదే కళ అన్నారు.

కోడలు: నేనూ పెట్టాను అత్తయ్యా. తొంభై నాలుగో మాట దగ్గర చూడండి. ఆవిడ నిద్రపోయే ముందు కోడలి ఫోన్ చార్జింగ్‌కి పెడుతుంది.

అత్తగారు: అది నీకు తెలుసా?

కోడలు: పొద్దున్నకల్లా ఫోన్ దానంతటదే నిండుతుందా?

అత్తగారు: ష్! ఆ డల్లాస్ ఆయన ఏదో అంటున్నాడు. స్పీకర్ పెంచు.

కోడలు: రెండు కథలూ చదివాడట. ఇద్దరు విలన్లూ ఒకరికొకరు సరిపోతారు, ఒకే ఇంట్లో పెడితే నవల అవుతుంది అంటున్నాడు.

అత్తగారు: ఏమిటీ? మన ఇంట్లో ఎవరుండాలో ఈయన చెబుతాడా?

కోడలు: కనకమహాలక్ష్మి గయ్యాళి అని కూడా అంటున్నాడు. నేనా మాట ఎక్కడ రాశాను?

అత్తగారు: సుకన్యకి పెంపకం లేదట. దాన్ని అనాలంటే నేను అనాలి గానీ, మధ్యలో ఈయనెవరు? ఈయన కథేమిటో పైకి జరుపు.

కోడలు: బావమరిది మీద రాశాడు. అప్పు తీసుకుని ఎగ్గొట్టాడట. నాలుగు పేజీలు.

అత్తగారు: బావమరిదికి ఒక్క మంచి గుణం పెట్టాడా?

కోడలు: ఒక్కటీ లేదు. మెల్లకన్ను కూడా పెట్టాడు.

అత్తగారు: పాపం ఆ బావమరిది! గది మూయడానికి ఎంతసేపుంది?

కోడలు: మూడు నిమిషాలు.

అత్తగారు: చాలు. నువ్వు ఇటు వచ్చి నా పక్కన కూర్చో, లేకపోతే మళ్ళీ కూత పెడుతుంది. ఇప్పుడు మ్యూట్ తియ్యి.

కోడలు: ముందు రెండు మంచి మాటలు చెప్పాలి కదా అత్తయ్యా.

అత్తగారు: అవి నువ్వు చెప్పు.