రీఫండ్‌కి పదిహేను శాతమా? ఎందుకప్పా!

మూడు వారాలుగా అనంతపురంలో నాకు తెలిసిన ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఒకటే మెసేజ్ తిరుగుతోంది. చుట్టాల గ్రూపులో మా బావ పెట్టాడు, అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీ పెట్టాడు, ఆఖరికి మా నాయనతో పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే పెద్దాయన కూడా "చూడప్పా, ఇది నిజమేనా" అని ఫోన్ నా చేతికిచ్చాడు. అందులో ఉన్నది ఇదీ: బ్యాంకు పట్టుకున్న టీడీఎస్ (వడ్డీ ఇచ్చేటప్పుడే పన్ను కింద ముందుగా కోసుకునేది) సొంతంగా అడిగితే వెనక్కి రాదు, వచ్చినా ఏళ్ళు పడుతుంది. మా సర్వీసుకిస్తే త్వరగా వస్తుంది, ఎక్కువ కూడా వస్తుంది. ఫారంలో తప్పు పడితే జైలు. వచ్చినదాంట్లో పదిహేను శాతం, ఫైలింగ్ చార్జీ ఐదొందలు, అంతే, రాకపోతే పైసా వద్దు. పాన్, పాస్‌వర్డ్, ఓటీపీ పంపితే మిగతాదంతా మేమే చూసుకుంటాం.

నేను ఆడిటర్ని కాదు. సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక షాపులో లెక్కలు రాసుకునేవాణ్ణి. మా ఇంట్లోవాళ్ళ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు ఆరేళ్ళుగా నేనే వేస్తున్నాను, ఆ అనుభవంతోనే చెబుతున్నా.

"సొంతంగా అడిగితే రాదు."

మా నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో స్థలం అమ్మితే వచ్చిన 15 లక్షలు బ్యాంకులో డిపాజిట్ వేశాడు, 7.2 శాతం లెక్కన ఏడాదికి 1,08,000 వడ్డీ. 2024-25లో సీనియర్ సిటిజన్లకు వడ్డీ 50 వేలు దాటితే పది శాతం పట్టుకోవాలన్నది రూలు కాబట్టి బ్యాంకు 10,800 పట్టుకుంది. ఆయన పెన్షన్ చూస్తే నెలకు 3 వేలు. అంతా కలిపినా లక్షన్నర కాదు, కొత్త పన్ను విధానంలో ఆ ఏడాది 3 లక్షల దాకా పన్నే లేదు. అంటే ఆ 10,800 మొత్తం ఆయనదే.

2025 జూలైలో ఒక ఆదివారం కూర్చున్నాం. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో రిటర్న్ వేయడానికి రూపాయి ఖర్చు లేదు. సహజ్ అనే ఐటీఆర్-1 తెరిస్తే వడ్డీ, పట్టుకున్న టీడీఎస్ అన్నీ ముందే నింపి ఉన్నాయి, మేము చేసిందల్లా ఫారం 26ఏఎస్ (మన పాన్ మీద పట్టుకున్న పన్నుల లెక్క), ఏఐఎస్ (మన ఆదాయం గురించి శాఖ దగ్గరున్న వివరాలు) రెండూ దించుకుని పాస్‌బుక్‌తో సరిపోల్చుకోవడమే. కష్టం వచ్చింది ఇంకోచోట. నాయన ఆధార్‌కి ఎప్పుడో పోయిన పాత నంబరు ఉంది, ఓటీపీ ఎక్కడికి పోతుందో దేవుడికెరుక. ఆధార్ సెంటర్లో లైన్లో నిలబడి 50 రూపాయలు కట్టి నంబరు మార్పించాం. ఆ తర్వాత బ్యాంకు ఖాతా వ్యాలిడేట్ కాలేదు, అంటే ఆ ఖాతా ఆయనదేనని పోర్టల్ ఒప్పుకోలేదు, ఎందుకంటే పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాస్‌బుక్‌లో ఒక్క అక్షరమే ఉంది (మనవాళ్ళ ఇంటిపేర్లతో ఈ తంటా అందరికీ ఉండేదే). బ్యాంకుకి పోయి అదీ సరిచేయించాం. ఈ రెండు పనులూ ఏ సర్వీసువాడూ మీ బదులు చేయలేడు, ఆధార్ సెంటర్లో వేలిముద్ర వేయాల్సింది మీరే కదా!

ఆగస్టు మొదటి వారంలో ఖాతాలో పడింది 11,070. పైన 270 ఎక్కడిదంటే, గడువులోగా రిటర్న్ వేస్తే ఏప్రిల్ నుంచి నెలకు అర శాతం వడ్డీ ప్రభుత్వమే ఇస్తుంది. కట్టాల్సిన పన్నులో పదో వంతు కంటే రీఫండ్ తక్కువైతే మాత్రం ఇవ్వరు. ఈ వడ్డీని వచ్చే ఏడాది ఆదాయంలో చూపించాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. మాకైన ఖర్చు 50 రూపాయలు. ఆ మెసేజ్ లెక్కన అయితే 10,800 మీద 1,620, పైన 500, మొత్తం 2,120 ఇచ్చుకోవాల్సింది.

"ఏళ్ళు పడుతుంది, మాకైతే త్వరగా వస్తుంది."

రిటర్నులు ప్రాసెస్ చేసేది బెంగళూరులోని కేంద్రం, అదీ కంప్యూటర్ మీద. మీరు వేసినా, సర్వీసువాడు వేసినా, పెద్ద ఆడిటర్ వేసినా వెళ్ళేది అక్కడికే. ఆలస్యమయ్యే మాట నిజమే, చట్టం వాళ్ళకు ఇచ్చిన గడువే పెద్దది. రిటర్న్ వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఇంకా తొమ్మిది నెలలు. కానీ నేను చూసినంతవరకు రీఫండ్ ఆగింది రిటర్న్ వేసి 30 రోజుల్లో ఈ-వెరిఫై (ఓటీపీ లాంటిదానితో ఖరారు) చేయకపోవడం వల్లో, ఖాతా వ్యాలిడేట్ కాకపోవడం వల్లో, పాత బాకీ ఏదైనా చూపిస్తుంటే దానికి జమ కట్టుకోవడం వల్లో. టీడీఎస్ అసలు 26ఏఎస్‌లోనే కనపడలేదంటే బ్యాంకో, జీతమిచ్చే ఆఫీసో తమ లెక్క సరిచేయాలి. ఇందులో సర్వీసువాడి పలుకుబడితో అయ్యేది ఏముంది?

"మా దగ్గర ఎక్కువ వస్తుంది."

అసలు ప్రమాదం ఇక్కడుంది. పట్టుకున్న పన్నులోంచి కట్టాల్సిన పన్ను తీసేస్తే మిగిలేదే రీఫండ్. పట్టుకున్నది రికార్డులో ఉంది, దాన్ని ఎవడూ పెంచలేడు. ఇక "ఎక్కువ" రావాలంటే కట్టాల్సింది తగ్గించాలి, అంటే లేని మినహాయింపులు మీ పేరు మీద రాయాలి.

మా ఆవిడ పనిచేసే స్కూల్లో ఒక సారుకి జరిగింది చెబుతా. 2022-23 ఆదాయానికి ఒక సర్వీసుకిస్తే అనుకున్నదానికంటే 12,480 ఎక్కువ రీఫండ్ వచ్చింది. అందరికీ టీ ఇప్పించాడు కూడా. 2025 మొదట్లో ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ నుంచి మెసేజ్ వస్తే రిటర్న్ తెరిచి చూశాం, ఆయన ఏదో రాజకీయ పార్టీకి 60 వేలు విరాళమిచ్చినట్టు ఉంది. ఆ పార్టీ పేరు ఆయన జన్మలో వినలేదు! మార్చి నెలాఖరులోపు అప్‌డేటెడ్ రిటర్న్ (పాత తప్పు ఒప్పుకుని మళ్ళీ వేసేది) వేసి ఆ 12,480, దాని మీద వడ్డీ, ఆ రెండింటి మీద ఇంకో 25 శాతం కట్టాడు. సర్వీసువాడు తీసుకున్న 1,872 తిరిగి రాలేదు, ఆ ఫోన్ స్విచాఫ్. అదీ తానే ముందుగా ఒప్పుకున్నాడు కాబట్టి అంతటితో పోయింది, వాళ్ళే పట్టుకుని తప్పుడు లెక్క అని తేలిస్తే జరిమానా పన్నుకి 200 శాతం.

ఆయనొక్కడే కాదు. ఇలా బోగస్ మినహాయింపులు రాసేవాళ్ళ మీద 2025 జూలై 14న దేశంలో 150 చోట్ల తనిఖీలు చేశారు. అంతకుముందు నాలుగు నెలల్లో దాదాపు 40 వేల మంది తమంతట తామే 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని శాఖే ప్రకటించింది. 2025లో వచ్చిన ఫారంలో, మినహాయింపులుండే పాత పన్ను విధానం ఎంచుకుంటే ఇన్సూరెన్స్ పాలసీ నంబర్లు, అద్దె వివరాలు కూడా అడిగారు, ఊరికే అంకె రాస్తే కుదరదు.

"తప్పు పడితే జైలు."

ఇది ఉత్త బెదిరింపు. రిటర్న్‌లో లోపముంటే నోటీసిచ్చి 15 రోజుల్లో సరిచేయమంటారు. మీకే తప్పు కనపడితే రివైజ్ చేసుకోవచ్చు, 2025లో దానికి గడువు డిసెంబర్ 31. తెలియక చేసిన పొరపాటుకి ఎవరినీ జైల్లో వేయరు. ఆ సారుని చిక్కుల్లో పడేసింది తను చేసిన పొరపాటు కాదు, ఇంకొకడు ఆయన పేరున రాసిన అబద్ధం.

"పదిహేను శాతమే కదా, రాకపోతే పైసా వద్దు."

వినడానికి బాగుంది. నిజమైన చార్టర్డ్ అకౌంటెంట్ మాత్రం ఈ మాట అనడు, రీఫండ్‌లో ఇంత శాతం అని ఫీజు తీసుకోవడం వాళ్ళ వృత్తి నియమాల ప్రకారం తప్పు. ఆ మెసేజ్ పంపినవాడు ఎవరో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. పైగా వాడి కమీషన్ మీ రీఫండ్‌తో పాటు పెరుగుతుంది, మరి ఆ 60 వేల విరాళం ఎందుకు పుట్టిందంటారు?

ఆడిటర్లే వద్దని నేననను. షాపు, కాంట్రాక్టు పనులు, షేర్ల ట్రేడింగ్, స్థలం అమ్మకం, గెస్ట్ లెక్చరర్‌గా వచ్చే డబ్బులు ఉన్నవాళ్ళు ఇంత ఫీజని ముందే మాట్లాడుకుని ఆడిటర్‌కి చూపించుకోవడమే మంచిది. నాయన స్థలం అమ్మిన ఏడాది నేనూ ఆడిటర్ దగ్గరికే పోయాను. జీతం, పెన్షన్, బ్యాంకు వడ్డీ, ఇంతే ఉన్నవాళ్ళ గురించే నా గోల.

"పాస్‌వర్డ్, ఓటీపీ పంపండి."

వద్దు. రీఫండ్ మీ పేరున్న ఖాతాలోనే పడుతుంది నిజమే, కానీ ప్రొఫైల్‌లో ఫోను, ఈమెయిల్ వాళ్ళవి పెట్టుకుంటారు. ఆ సారు విషయంలో అదే జరిగింది, మొదట వచ్చిన ఈమెయిళ్ళన్నీ సర్వీసువాడికే పోయాయి, ఆయనకు తెలియనే తెలియదు. ఇప్పటికే ఎవరికైనా ఇచ్చి ఉంటే ఈ రోజే లాగిన్ అయి పాస్‌వర్డ్, నంబరు, ఈమెయిల్ మార్చుకోండి, పాత రిటర్నుల్లో ఏం రాశారో కూడా తెరిచి చూడండి. 

ఇంకొకటి, ఆ మెసేజ్‌లో ఎక్కడా రాయనిది. పన్ను పడనంత ఆదాయమున్న అరవై దాటినవాళ్ళు బ్యాంకులో తమకు పన్ను పడదని రాసిచ్చే ఫారం (2025లో దాని పేరు 15హెచ్, అరవై లోపువాళ్ళకు 15జీ) ఇస్తే అసలు టీడీఎస్సే పట్టుకోరు. ఏటా ఏప్రిల్లో ఇవ్వాలి. పట్టుకోకపోతే రీఫండ్ లేదు, రీఫండ్ లేకపోతే పదిహేను శాతమూ లేదు, మరి వాళ్ళెందుకు చెబుతారు? మొన్న నాయన చేత 15హెచ్ ఇప్పించాను. "ఈ ఒక్క కాయితానికా ఇంత కత నడిపించినావు, ఏప్రిల్లోనే చెప్పుంటే ఇచ్చేవాణ్ణి కదరా" అన్నాడు. తప్పు నాదే. జూన్ వడ్డీలో అప్పటికే 2,700 పట్టేసుకున్నారు, దానికోసం వచ్చే ఏడాది మళ్ళీ కూర్చోవాలి.