గుండె చుట్టూ నీరు: ఎకో అందేదెక్కడ?

డయాలసిస్ నడుస్తుండగా బీపీ పడిపోతే, నీరు ఎక్కువ లాగేశామనుకుని సెలైన్ ఎక్కిస్తారు. చాలాసార్లు అది సరైన అంచనాయే. కానీ వచ్చిన ప్రతిసారీ అదే జరుగుతూ, పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే కాస్త నయం అని రోగి చెబుతుంటే గుండె చుట్టూ నీరు చేరిందేమో చూడాలి. ఎకో (గుండె స్కానింగ్) తీస్తే నిమిషాల్లో తేలిపోతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లె నుంచి వచ్చే రోగికి ఆ ఎకో ఎంత దూరంలో ఉందన్నదే మా ప్రశ్న.

గుండెను కప్పి ఉంచే రెండు పొరల మధ్య మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. నెలల తరబడి మెల్లగా చేరితే ఆ సంచి సాగుతుంది. లీటరు పట్టినా మనిషి తిరుగుతూనే ఉండొచ్చు. అదే గంటల్లో చేరితే 200 మిల్లీలీటర్లకే ప్రాణం మీదికొస్తుంది. బయటి ఒత్తిడికి గుండె గదులు విప్పారవు, రక్తం నిండదు. బీపీ పడిపోవడం, మెడ నరాలు ఉబ్బడం, గుండె చప్పుడు మందంగా, దూరం నుంచి వచ్చినట్టు వినిపించడం దీని ఆనవాళ్లని అమెరికన్ సర్జన్ క్లాడ్ బెక్ 1935లోనే చెప్పారు.

ఈ నీరు చేరడానికి కారణం కిడ్నీ జబ్బొక్కటే కాదు. క్యాన్సర్, థైరాయిడ్ లోపం, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బు), వైరస్‌లు, గుండె ఆపరేషన్లు కూడా కారణాలే. మన దేశంలో మాత్రం ముందు అనుమానించాల్సింది క్షయనే. దగ్గు లేదు కదా అని టీబీని కొట్టిపారేస్తే, కొందరిలో ఆ పొరలు గట్టిపడి గుండెను బిగించేస్తాయి. అప్పుడు ఆపరేషన్ చేసి పొర ఒలవాల్సి వస్తుంది. ఆరు నెలల మందులతో పోయేదాన్ని అంతదాకా తెచ్చుకోవడం ఏం న్యాయం?

ఇంకో ప్రమాదం ఉంది. కాళ్ల వాపు, ఆయాసం చూడగానే గుండె బలహీనపడిందని మూత్రం ఎక్కువగా పోయేలా చేసే లాసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చేయడం అలవాటు. నీటి ఒత్తిడిలో నలుగుతున్న గుండెకు వచ్చే కాస్త రక్తాన్నీ అది తగ్గిస్తుంది. అక్కడ కావాల్సింది ఎకోలో చూస్తూ సూదితో నీరు తీసే చేయి.

ప్రతి డయాలసిస్ కేంద్రంలో వారానికో రోజు ఎకో పెట్టాలి. ఆయాసం ఉన్న టీబీ రోగులనూ ఆ రోజే పిలవాలి. గుండె నిపుణుడు రాలేని చోట చిన్న ఎకో యంత్రంపై నీరు గుర్తించడం మెడికల్ ఆఫీసర్లకు నేర్పించాలి. నీరు ఉన్నట్టు తేలిన రోగిని ఏ ఆస్పత్రికి పంపాలో, అక్కడ రాత్రిపూట సూదితో నీరు తీసేవారెవరో వైద్య ఆరోగ్యశాఖ జిల్లాలవారీగా ముందే ఖరారు చేయాలి.