గిట్ నోట్స్ జోలికి పోవద్దనే సలహా ఎంతవరకు నిజం?

"కమిట్‌కు నోట్ తగిలిస్తే హ్యాష్ మారిపోతుంది, టీమ్‌కు చేరదు, రీబేస్ చేస్తే ఎగిరిపోతుంది, గిట్‌హబ్ ఎప్పుడో తీసేసింది. గిట్ నోట్స్ జోలికి పోకండి." డెవలపర్ల గ్రూపుల్లో తెగ తిరుగుతున్న సలహా ఇది. గిట్ అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్; సేవ్ చేసిన ఒక్కో మార్పు ఒక కమిట్, దాని గుర్తింపు కోడే హ్యాష్, కమిట్‌కు తర్వాత తగిలించే వ్యాఖ్యే నోట్. ఇందులో మొదటి మాట పూర్తిగా తప్పు. మిగతావి సగం సగం నిజాలు.

హ్యాష్ మారదు, ఎందుకంటే నోట్ కమిట్ లోపలికి వెళ్లదు. రెఫ్స్/నోట్స్/కమిట్స్ అని వేరే రెఫ్ (కమిట్‌ను చూపించే పేరు) ఉంటుంది. దాని ట్రీలో (ఫైళ్ల జాబితాలో) ఫైలు పేరు మీ కమిట్ హ్యాష్, ఫైల్లో ఉన్నది మీ నోట్. అంతే. నోట్ మార్చినప్పుడల్లా ఆ రెఫ్ మీద కొత్త కమిట్ పడుతుంది కాబట్టి పాత నోట్ కూడా దొరుకుతుంది. గిట్ లాంటిదే మరో టూల్ సబ్‌వర్షన్‌లో ఆ సుఖం లేదు: లాగ్ మెసేజ్ (మార్పుతో పాటు రాసే వివరణ) దిద్దితే పాతది పోయినట్టే. అందుకే అక్కడ అడ్మిన్ హుక్ (దిద్దడాన్ని అనుమతించే స్క్రిప్ట్) పెట్టేదాకా దిద్దనివ్వదు.

టీమ్‌కు చేరదన్నది డిఫాల్ట్ సంగతి. మామూలు పుష్ (సర్వర్‌కు పంపడం), క్లోన్ (సర్వర్ నుంచి మొత్తం కాపీ తెచ్చుకోవడం) నోట్స్‌ను పట్టించుకోవు. రెఫ్ పేరు చెప్పి పుష్ చేస్తే నిక్షేపంగా వెళ్తాయి. నన్నడిగితే అసలు టెన్షన్ పడాల్సింది ఫెచ్ (సర్వర్ నుంచి కొత్తవి తెచ్చుకోవడం) దగ్గర. "కాన్ఫిగ్‌లో ఈ లైన్ పెట్టుకోండి చాలు" అంటూ పంచే +రెఫ్స్/నోట్స్/*:రెఫ్స్/నోట్స్/* లో ముందున్న ప్లస్ చూశారా? అది ఫోర్స్. మీరు రాసి ఇంకా పుష్ చేయని నోట్స్‌ను తోసేసి సర్వర్‌వి వచ్చి కూర్చుంటాయి. రిఫ్‌లాగ్‌లో (రెఫ్ ముందు ఎక్కడుందో రాసుకునే చిట్టాలో) వెతికి తెచ్చుకోవచ్చు గానీ, ముందు పోయాయని తెలియాలి కదా! సర్వర్‌వి రెఫ్స్/నోట్స్/ఆరిజిన్ కిందికి దించుకుని, గిట్ నోట్స్ మెర్జ్‌తో కలుపుకోండి. ఒకే కమిట్‌పై ఇద్దరూ రాసి ఉంటే యూనియన్ స్ట్రాటజీ రెండింటినీ ఉంచుతుంది.

రీబేస్ (కమిట్లను వేరే చోట మళ్లీ పేర్చడం) సంగతి: నోట్స్.రీరైట్‌రెఫ్ అనే సెట్టింగ్ పెడితే రీబేస్‌లోనూ అమెండ్‌లోనూ (చివరి కమిట్‌ను దిద్దడంలోనూ) నోట్ కొత్త కమిట్‌కు కాపీ అవుతుంది. సెట్ చేయకపోతే కాదు. సర్వర్‌లో బటన్ నొక్కి స్క్వాష్ చేస్తే (కమిట్లన్నీ ఒకటిగా కలిపితే) మాత్రం మీ మెషీన్‌లోని సెట్టింగ్ ఏం చేయలేదు.

గిట్ కోడ్‌ను ఆన్‌లైన్‌లో ఉంచే సైట్ గిట్‌హబ్ 2014లో తీసేసింది నోట్స్‌ను పేజీలో చూపించడం మాత్రమే. పుష్ చేస్తే ఇప్పటికీ దాచుకుంటుంది. ఏ కమిట్ మెయిల్‌లో వచ్చిన ఏ ప్యాచ్ (కోడ్ మార్పు) నుంచి వచ్చిందో గిట్ ప్రాజెక్టు వాళ్లే ఏఎంలాగ్ అనే నోట్స్ రెఫ్‌లో రాసుకుంటారు.