కాపురం బాగున్నప్పుడే కాగితం రాసుకోండి

పోయినేడాది దీపావళి ముందు, తిరుపతి బైరాగిపట్టెడలో ఉండే మా పెద్దమ్మ కూతురు బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పెట్టింది. పెళ్లిలో తనకు పెట్టిన నగల్లో 18 సవర్లు అమ్మి తిరుచానూరు వైపు సైటు కొన్నారు. ఆ నగలు అమ్మిన రసీదులు అందులో ఉండాలి. తీసి చూస్తే తెల్ల కాగితాలు. మిషన్లోంచి వచ్చే ఆ పల్చటి కాగితం మీద అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి, షాపు ముద్ర ఒక్కటే లేత నీలంగా మిగిలింది. సైటేమో బావ పేరు మీద ఉంది. బావ మంచి మనిషి, ఇంట్లో గొడవలేం లేవు. "మరి ఇవెందుకక్కా ఇప్పుడు?" అంటే, "వాళ్ల తమ్ముడి అప్పుకు ఆ సైటు కుదువ పెడదామంటున్నారు, అందులో నాది ఉందని చెప్పుకోడానికి నా దగ్గర ఏముందో చూసుకుందామని" అంది.

పెళ్లయితే మొగుడి ఆస్తిలో సగం పెళ్లానిదే అని చాలామంది అనుకుంటారు. కాదు. గోవాలో పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ ఉంది కాబట్టి అక్కడ లెక్క వేరు. మన దగ్గర ఎవరి పేరు మీద ఉంటే అది వాళ్లదే. స్త్రీధనం, అంటే పెళ్లిలో ఆమెకు పెట్టిన నగలు, డబ్బు లాంటివి, పూర్తిగా భార్యదేనని, కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగివ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో మళ్లీ చెప్పింది. కానీ బంగారం సైటుగా మారాక, ఆ సైటులో నా బంగారం ఉందని చూపించేది ఏది?

నగల సంగతి కాస్త నయం, జీతాల సంగతి ఇంకా ఘోరం. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఆయన జీతం ఇంటి లోన్ ఈఎంఐకి పోతుంది, ఆమె జీతం బియ్యం, పాలు, పిల్లల ఫీజులు, అత్తగారి మందులకు పోతుంది. ఆమె ఆ ఖర్చు మోయకపోతే ఆయన ఈఎంఐ కట్టలేడు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆయన డబ్బు గోడలై నిలబడి ఉంటుంది, ఆమె డబ్బు తిని అరిగిపోయి ఉంటుంది. ఇందులో ఎవరి మోసమూ లేదు, ముందు కూర్చుని మాట్లాడుకోకపోవడమే జరిగింది.

సరే, అయితే ఒప్పందం రాసుకుందాం అని నెట్‌లో దొరికే నమూనా దింపుకుని సంతకాలు పెట్టేస్తే పని అయిపోదు. విడిపోతే ఎవరికెంత, భరణం అడగను, పిల్లలు నా దగ్గరే ఉండాలి లాంటి షరతులు కోర్టులో నిలబడటం కష్టం. భరణం హక్కు వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు, పిల్లల విషయంలో వాళ్ల మేలు చూసి కోర్టే తేలుస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ మాత్రం ఒక్కసారి చదవండి. దగ్గరి బంధువులు ప్రతిఫలం లేకుండా చేసుకున్న ఒప్పందం చెల్లాలంటే అది రాతలో ఉండాలి, రిజిస్టర్ కావాలి, సహజమైన ప్రేమాభిమానాలతో రాసింది కావాలి. 1900లో కలకత్తా హైకోర్టుకు ఇలాంటి కేసే వచ్చింది. భార్యకు విడిగా ఉండే చోటు, ఖర్చులకు డబ్బు ఇస్తానని భర్త రాసిచ్చి రిజిస్టర్ కూడా చేయించాడు. కానీ తమ మధ్య గొడవలున్నాయని ఆ పత్రంలోనే ఉంది, ఇక ఇందులో ప్రేమ ఎక్కడుందని కోర్టు దాన్ని చెల్లదంది. అప్పులవాళ్లు మీద పడ్డాక భార్య పేరున రాసినా అంతే, ఎగ్గొట్టడానికే రాశారని తేలితే రద్దు చేయించొచ్చు.

అందుకే నా మాట ఒకటే, మనసులు బాగున్న రోజుల్లోనే, గట్టిగా నిలబడే దస్తావేజులు చేసుకోండి. కొనేటప్పుడే ఇద్దరి పేర్ల మీద రిజిస్టర్ చేయించుకోండి, ఎవరి వాటా ఎంతో అందులోనే రాయించండి. ఇప్పటికే ఒకరి పేరున ఉంటే వాటా దాన దస్తావేజుతో మార్చొచ్చు, అద్దె వస్తే మాత్రం అది ఇచ్చినవాళ్ల ఆదాయంలోనే కలిపి పన్ను లెక్కేస్తారు. నగలు అమ్మిన డబ్బు ముందు ఆమె ఖాతాలో పడి అక్కణ్ణుంచి కదిలితే బ్యాంకు స్టేట్‌మెంటే సాక్ష్యం. వ్యాపారం చేసే భర్తలు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద జీవిత బీమా తీసుకుంటే, భార్యాపిల్లలకు చేరాల్సిన ఆ డబ్బును అప్పులవాళ్లు ముట్టుకోలేరు. ఇద్దరూ వేరువేరు లాయర్లను అడగడం మంచిది, తర్వాత బలవంతంగా సంతకం పెట్టించుకున్నారనే మాట రాదు.

మొగుడూ పెళ్లాల మధ్య కాగితాలేంటి, నమ్మకం లేదా అంటారు. తన పెళ్లికి కుబేరుడికి రుణపత్రం రాసిచ్చిన స్వామి కొండ కింద ఉండి మనం ఆ మాట అనకూడదు. తమ్ముడికి హామీ సంతకం పెట్టేటప్పుడు రాని అనుమానం, భార్య ఒక కాగితం అడిగితే ఎందుకు రావాలి?

అక్క బావతో చెప్పింది. రెండు రోజులు ఆయన ముభావంగా ఉన్నాడు. తర్వాత తనే డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్లి కనుక్కొచ్చాడు, సంక్రాంతి అయ్యాక సగం వాటా అక్క పేరుకు రిజిస్టర్ అయింది. మిగతా సగం తమ్ముడి కోసం కుదువ పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.