124 కాంతి సంవత్సరాల నుంచి వచ్చిన ఫార్వర్డ్

2025 ఏప్రిల్‌లో పుట్టిన మెసేజ్ ఇది, ఇంకా చావలేదు. మొన్న కాజీపేటలో ఉండే మా బామ్మర్ది మళ్ళీ పంపాడు. కింద "బావా, నువ్వు ఫిజిక్స్ సార్‌వి గదా, గీ ముచ్చట మాకెందుకు చెప్పలే?" అని దెప్పిపొడుపు. మెసేజ్ సారం ఇదీ: "కేంబ్రిడ్జ్‌లో మన భారతీయ శాస్త్రవేత్త వేరే గ్రహం మీద జీవం కనిపెట్టాడు. 99.7 శాతం రుజువైంది. జీవులు మాత్రమే తయారుచేసే వాయువు అక్కడ దొరికింది. ఫోటో చూడండి. నాసా దాచిపెడుతోంది. మన యూనివర్సిటీలు మాత్రం నిద్రపోతున్నాయి." హన్మకొండలో ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్తున్నవాణ్ణి, ఊరుకుంటే బాగుండదు.

"జీవం కనిపెట్టాడు." శాస్త్రవేత్త నిజం, గ్రహం నిజం. ఆయన నిక్కు మధుసూదన్. వారణాసిలో ఇంజనీరింగ్, అమెరికాలోని ఎంఐటీలో పీహెచ్‌డీ చేసి కేంబ్రిడ్జ్‌లో ప్రొఫెసర్‌గా ఉన్నారు. గ్రహం పేరు కె2-18బి. సింహరాశి దిక్కున, మనకు 124 కాంతి సంవత్సరాల దూరంలో ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం చుట్టూ 33 రోజులకోసారి తిరుగుతుంది. వెడల్పు భూమికి 2.6 రెట్లు, బరువు 8 రెట్ల పైనే. ఆ గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ అనే సల్ఫర్ వాయువు గానీ, దాని అన్నదమ్ముడి లాంటి డైమిథైల్ డైసల్ఫైడ్ గానీ ఉన్నట్టు ఆనవాళ్లు కనబడుతున్నాయని ఆయన బృందం రాసింది. ఇంకా పరిశీలనలు కావాలని కూడా వాళ్లే చెప్పారు. ఆ రెండో మాట మన ఫార్వర్డ్‌కు చేరేలోపు దారిలో ఎక్కడో జారిపోయింది.

అసలు అంత దూరం నుంచి వాసన ఎలా పట్టారు? గ్రహం తన నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు వెలుగు సుమారు 0.3 శాతం తగ్గుతుంది. గ్రహం అంచున ఉన్న గాలిలోంచి వడగట్టుకుని వచ్చే వెలుతురు అందులోనూ చిన్న వంతు. ఒక్కో వాయువు ఒక్కో రంగు దగ్గర ఆ వెలుతురును కాస్త మింగుతుంది. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చూసేది ఆ తేడానే. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో పోయినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గేటు దగ్గరే తుమ్ములు మొదలవుతాయి. లోపల మిర్చి ఉందని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. కానీ ఆ తుమ్మును బట్టి అది తేజ రకమా, వండర్ హాటా అని చెప్పమంటే? కె2-18బిలో మీథేన్ ఉందని 2023లో గట్టిగానే తేలింది. ఈ సల్ఫర్ వాయువు దగ్గరే రకం తేలని తుమ్ము.

ఆ గ్రహం మనల్ని ఇంతకుముందే ఒకసారి బోల్తా కొట్టించింది. 2019లో హబుల్ టెలిస్కోప్ లెక్కలు చూసి "నీటి ఆవిరి దొరికింది" అని పేపర్లన్నీ రాశాయి. అది మీథేన్ చేసిన పని అని వెబ్ వచ్చాక అర్థమైంది.

"99.7 శాతం రుజువైంది." నాకు బాగా ఒళ్లు మండింది ఇక్కడే. జీవం ఉండే అవకాశం 99.7 శాతం అని దీని అర్థం కాదు. ఆ వాయువులు అసలు లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగా ఇలాంటి గుర్తు కనబడే అవకాశం 0.3 శాతం అని. దీన్నే త్రీ సిగ్మా అంటారు. కనిపెట్టామని గట్టిగా చెప్పాలంటే ఫైవ్ సిగ్మా కావాలి, అంటే ఆ అవకాశం 0.00006 శాతానికి దిగాలి. పైగా ఈ 0.3 కూడా ఏ వాయువులను పోటీలో పెట్టామన్న దాని మీద ఆధారపడుతుంది. లూయిస్ వెల్బ్యాంక్స్ అనే శాస్త్రవేత్త బృందం అదే డేటాకు 90 రసాయనాలను పెట్టి చూస్తే, జీవంతో సంబంధం లేనివి కూడా బాగానే అతికాయి. ఈ వెల్బ్యాంక్స్ ఎవరనుకున్నారు? కేంబ్రిడ్జ్‌లో మధుసూదన్ దగ్గరే పీహెచ్‌డీ చేసిన శిష్యుడు. షికాగో యూనివర్సిటీ వాళ్లు పాత, కొత్త పరిశీలనలు కలిపి లెక్కవేస్తే ఆ గుర్తు ఇంకా బలహీనపడింది.

"జీవులు మాత్రమే తయారుచేస్తాయి." భూమి మీద ఈ డైమిథైల్ సల్ఫైడ్ ఎక్కువగా సముద్రంలోని సూక్ష్మజీవుల నుంచే వస్తుంది, అంతవరకు ఒప్పే. కానీ రోసెట్టా అనే అంతరిక్ష నౌక పంపిన డేటాలో 67పి అనే తోకచుక్క మీద కూడా అది కనబడింది. తోకచుక్క మీద ఏ నాచు పెరిగింది? అన్నట్టు, ఈ వాసన కోసం సముద్రం దాకా పోనక్కర్లేదు. మక్క కంకులు ఉడికేటప్పుడు ఇల్లంతా కమ్ముకునే వాసనలో ఇదే ముఖ్యమైనది.

"ఫోటో చూడండి." మెసేజ్‌తో వచ్చిన ఆ నీలి సముద్రం ఫోటో కాదు, ఆర్టిస్ట్ వేసిన బొమ్మ. వెబ్‌కు అందింది ఏ రంగు వెలుతురు ఎంత తగ్గిందో చూపే ఒక వంకర గీత మాత్రమే. అక్కడ సముద్రమే ఉందా అన్నదీ తేలలేదు. అది శిలాద్రవపు సముద్రం కూడా కావచ్చని అదే కేంబ్రిడ్జ్‌లోని మరికొందరు 2024లో రాశారు.

"నాసా దాచిపెడుతోంది." దాచి ఉంటే పై ఖండనలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? ఈ గ్రహం గురించిన వెబ్ డేటాను ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కాకతీయ యూనివర్సిటీ ఎమ్మెస్సీ పిల్లలకైనా, నిట్ హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకైనా అడ్డు లేదు.

ఇక మన యూనివర్సిటీల నిద్ర. డబ్బు తక్కువ, పెద్ద టెలిస్కోపులు లేవు, ఆ బాధ నాకూ ఉంది. కానీ మనకు ఆకాశం కొత్త కాదు. 2024లో వెబ్ పట్టుకున్న ఆ వెలుతురు కె2-18బి నుంచి ఇంచుమించు 1900లో బయల్దేరింది. అది దారిలో ఏడాది నడిచేసరికి, 1901లో, హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ నిజామియా అబ్జర్వేటరీ మొదలుపెట్టాడు. ప్రపంచ దేశాలు ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని నక్షత్రాల పట్టిక రాస్తుంటే అందులో ఒక ముక్క వీళ్ల వంతుకు వచ్చింది. 1919లో అది ఉస్మానియాకు దక్కింది.

ఇదంతా బామ్మర్దికి వాయిస్ మెసేజ్‌లో చెప్పాను. గంట తర్వాత జవాబు వచ్చింది: "బావా, గా మక్కల ముచ్చట నిజమేనా?"

నిజమే. కుక్కర్ మూత తీసి చూసుకో అన్నాను.